ప్రకటనలు చదివే ముందు ఆ ఒక్క మాట అడగండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లోని తెలుగు సంఘాల బిషప్పులకు, పాస్టర్లకు, సంఘ పెద్దలకు,

అయ్యగారూ, శ్రమకాలం నడుస్తోంది. శుక్రవారం కూటాలకు గుళ్లు నిండుతున్నాయి. మాంసం మానేసినవాళ్లు, ఒక్కపూట భోజనంతో సరిపెట్టుకుంటున్నవాళ్లు, తెల్లచీర తప్ప కట్టనివాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. చాలా సంఘాల్లో ఈ నలభై రోజులూ పెళ్లిళ్లు చేయరు. పునరుత్థాన పండుగ దాటిందంటే ఇక వరసపెట్టి పెళ్లిళ్లే. వాటి ప్రకటనలు చదవడం ఈ శ్రమకాలం పూర్తికాకముందే మొదలవుతుంది. ఈ ఉత్తరం ఇప్పుడే రాయడానికి కారణం అదే.

నేను అడగదలచింది ఒక్కటే. ప్రకటన చదవడానికి ముందు పిల్లవైపువాళ్లనీ పిల్లాడివైపువాళ్లనీ పిలిచి కూర్చోబెట్టి, కట్నం ఏమైనా మాట్లాడుకున్నారా అని అడగండి. మాట్లాడుకున్నారని తేలితే ఆ ప్రకటన చదవకండి.

నేను సంఘంలో పుట్టి పెరిగినదాన్ని. ఆదివారపు బడిలో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. మీ మీద కోపంతో రాస్తున్న మాటలు కావివి. మన విశ్వాసం లోపల ఉందా పైపైన ఉందా అనే ప్రశ్నకు ప్రసంగాల్లో ఎన్నో జవాబులు విన్నాను. ఆ ప్రశ్న నిజంగా తేలే చోటు పెళ్లి మాటలు జరిగే గది అని నాకు గట్టిగా అనిపిస్తోంది.

పెళ్లి ప్రకటనకు ముందు సంఘం అడిగేవి ఏమిటో మీకు తెలుసు. బాప్తిస్మం ఎప్పుడు తీసుకున్నారు, కన్ఫర్మేషన్ అయిందా, ఇద్దరికీ వయసు నిండిందా, ఇంతకుముందు పెళ్లయిందా, సంఘ చందా బకాయి ఏమైనా ఉందా. బకాయి ఉంటే కట్టి రసీదు తెచ్చేదాకా మా దగ్గర ప్రకటన పుస్తకం తెరవరు. ఆ తర్వాత వరసగా మూడు ఆదివారాలు పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని సంఘాన్ని అడుగుతారు. పరిశుద్ధ గ్రంథం ప్రకారమూ దేశ చట్టం ప్రకారమూ పెద్ద అభ్యంతరం కావలసిన విషయం ఒకటుంది. దాన్ని మాత్రం ఎవరూ అడగరు. అది గుడిలో అందరికీ తెలుసు. ఎంతకు కుదిరిందో ముందు బెంచీ నుంచి చివరి చాప దాకా తెలుసు.

ఒక ప్రధానం గురించి చెబుతాను. ఊరూ పేరూ అక్కర్లేదు. ఇంటి ముందు షామియానా వేశారు, కుర్చీలు వేశారు. లోపలి గదిలో పిల్లాడి మేనమామ బడి నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం మీద బాల్‌పెన్నుతో రాసుకుంటున్నాడు. నగదు ఒక వరస, అర ఎకరం చేను ఒక వరస, బండి ఒక వరస, బంగారం ఇన్ని కాసులని ఒక వరస. రెండు చోట్ల కొట్టేసి మళ్లీ రాశాడు. మాటలు అయ్యాక ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా బల్ల మీదున్న బైబిల్లో కీర్తనల గ్రంథం దగ్గర పెట్టాడు. పాస్టరు గారిని ప్రార్థన చేయమన్నారు. ఆయన ఆ బైబిలు మీద చెయ్యుంచి, ఈ సంబంధాన్ని కుదిర్చినందుకు దేవునికి స్తోత్రాలు చెప్పారు. మంచి ప్రార్థనే చేశారు. పిల్ల తల్లి కొంగు తల మీదికి లాక్కుని తలుపు పక్కన నిలబడింది. అందరూ ఆమేన్ అన్నాక కాసేపటికి గానీ ఆమె అనలేకపోయింది. వాళ్లాయన ఆటో అమ్మిన సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఆ గదిలో ఉన్నవాళ్లందరూ ఆరాధన మానని మనుషులు. ప్రార్థన లేకుండా కాఫీ కూడా తాగరు. తాంబూలాలు మార్చుకోవడం అన్యాచారం అంటారు, అందుకే పళ్లెంలో తమలపాకుల బదులు బైబిలు పెట్టారు. ముహూర్తం చూడరు. అక్షతలు వేయరు. పైకి కనిపించే ప్రతిదాన్నీ జాగ్రత్తగా మార్చుకున్నారు. మారనిది ఆ కాగితం ఒక్కటే.

1961 నాటి వరకట్న నిషేధ చట్టం కట్నం తీసుకున్నవాళ్లతో పాటు ఇచ్చినవాళ్లనీ అందుకు తోడ్పడినవాళ్లనీ నేరస్థులనే అంటుంది. శిక్ష అయిదేళ్లకు తక్కువ కాదని, జరిమానా పదిహేను వేలు లేదా కట్నం విలువ, రెండింట్లో ఏది ఎక్కువైతే అదని రాసి ఉంది. ఆ కాగితం ఉన్న బైబిలు మీద చెయ్యి పెట్టిన అయ్యగారిని చట్టం ఎటువైపు నిలబెడుతుందో మీరే ఆలోచించండి. కానీ నా బాధ చట్టం గురించి కాదు. చట్టానికి భయపడి మానేస్తే అది కూడా పైపైన మానడమే.

ఇంకో సంగతి నన్ను ఎన్నాళ్లుగానో కలవరపెడుతోంది. మన సంఘాల్లో విశ్వాసాన్ని కళ్లతో చూసి కొలిచే చోట్లన్నీ ఆడవాళ్ల ఒంటి మీదే ఉన్నాయి. బొట్టు తీసేసిందా, పూలు మానేసిందా, గాజులు తీసిందా, తల మీద ముసుగు వేసుకుందా, తెల్లచీర కట్టిందా. కొన్ని సహవాసాల్లో చెవి కమ్మలతో వచ్చిన పిల్లను ప్రభువు బల్లకు రానివ్వరు. ఇష్టంతో, దేవుని మీద ప్రేమతో వాటిని వదిలిన అమ్మలు నాకు తెలుసు, వాళ్లంటే నాకు గౌరవం. కానీ మగవాడి విశ్వాసాన్ని చూడ్డానికి మనం అలాంటి చోటు ఒక్కటైనా పెట్టుకున్నామా? తాగకపోతే చాలు. బంగారం లోకాశ అని చెప్పి ఇరవై ఏళ్లపాటు పిల్లను బోడి చెవులతో పెంచిన ఇంటికి వచ్చి, మేం నగలు పెట్టుకోం కాబట్టి ఆ విలువకు నగదు ఇవ్వండి అని అడిగిన సంబంధాన్ని నేను విన్నాను. ఆ అడిగిన కుటుంబం ప్రతి నెలా దశమభాగం తప్పకుండా ఇస్తుంది. వచ్చిన కట్నంలో కూడా దశమభాగం తీసి ఇచ్చింది, సంఘం పుచ్చుకుంది.

పుదీనాలోనూ జీలకర్రలోనూ పదోవంతు లెక్కగట్టి ఇచ్చి, న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేసిన శాస్త్రులనూ పరిసయ్యులనూ ప్రభువు ఎంత కఠినంగా గద్దించాడో మత్తయి సువార్త 23వ అధ్యాయం మీదే మీరు మాకు ఎన్నోసార్లు చెప్పారు. ఆ దశమభాగం తప్పని ఆయన అనలేదు. అది చేస్తూ ఇది మరువకూడదన్నాడు. నేనూ ఆచారాలు వద్దనడం లేదు. ఆచారాల్ని తేలిగ్గా తీసిపారేసి, మనసులో భక్తి ఉంటే చాలు అనేవాళ్ల మాట నాకు మింగుడుపడదు. మనసులో ఉన్నది చేతుల్లోకి రాకపోతే అది ఉన్నట్టు ఎలా తెలుస్తుంది?

మా సంఘంలో ఇప్పటికీ కొందరు అమ్మలు పొయ్యి పక్కన చిన్న కుండ పెట్టుకుంటారు. ఎసట్లో పోయడానికి బియ్యం కొలిచిన ప్రతిసారీ అందులోంచి గుప్పెడు తీసి ఆ కుండలో వేస్తారు. నెలాఖరుకు గుడ్డలో మూటగట్టి గుడికి తెచ్చి బల్ల ముందు పోస్తారు. ఒక్కొక్కరి బియ్యం ఒక్కో రకం. సన్నవి, దొడ్డువి, రేషన్ షాపువి అన్నీ కలిసిపోతాయి. అవి ఒంటరి వృద్ధుల ఇళ్లకు చేరతాయి. కూలి దొరకని రోజున కూడా ఆ గుప్పెడు ఆపని ఒక ముసలమ్మ నాకు తెలుసు. అదీ ఆచారమే, కానీ ఆ ఆచారం ఆమె కడుపులోంచి తీసి ఇంకొకరి కడుపులో పెడుతోంది. యెషయా 58వ అధ్యాయంలో ప్రవక్త అడిగిన ఉపవాసం ఇలాంటిదే. ఉపవాసం ఉన్న రోజునే కూలివాళ్లను పీడించేవాళ్లతో దేవుడు ఆ అధ్యాయంలో మాట్లాడతాడు. కాడిమాను విరగ్గొట్టమంటాడు. ఈ శ్రమకాలంలో ఎన్నో గుళ్లలో ఆ అధ్యాయం చదువుతాం. మన పక్కింటి ఆడపిల్ల తండ్రి మెడ మీద ఉన్న కాడి సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తురాదు.

ఇప్పుడు బల్ల సంగతి. ప్రభు రాత్రి భోజనానికి ముందు కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలోని 11వ అధ్యాయాన్ని మీరు చదివి, అయోగ్యంగా తీసుకోవద్దని హెచ్చరిస్తారు. చిన్నప్పుడు ఆ మాటకు నేను వణికేదాన్ని. ఆ వారంలో అబద్ధమాడానా, అమ్మను ఎదిరించానా అని వెతుక్కునేదాన్ని. పెద్దయ్యాక ఆ అధ్యాయాన్ని పైనుంచి చదివితే పౌలు దేనికి మండిపడ్డాడో తెలిసింది. కొరింథులో అది పూర్తి భోజనం. కలిగినవాళ్లు తెచ్చుకున్నది తామే ముందుగా తినేవాళ్లు, కొందరు మత్తెక్కేదాకా తాగేవాళ్లు. లేనివాళ్లు ఆకలితో కూర్చునేవాళ్లు. లేనివాళ్లను అలా సిగ్గుపరుస్తున్నారని విన్నాకే పౌలు ఆ హెచ్చరిక రాశాడు. అంటే బల్ల దగ్గర మొట్టమొదట వెతుక్కోవలసింది నా మూలంగా ఈ సంఘంలో తల దించుకున్న మనిషి ఎవరైనా ఉన్నారా అన్నదే. ఆటో అమ్ముకున్న ఆ తండ్రి, ఆ డబ్బు పుచ్చుకున్న వియ్యంకుడు ఒకే బల్ల దగ్గర మోకరిస్తున్నారు. మనం మాత్రం కమ్మలు పెట్టుకున్న పిల్లను ఆపుతున్నాం.

అడిగితే జనం వేరే సంఘానికి పోతారని మీలో కొందరు భయపడుతున్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. వీధికో మందిరం ఉన్న కాలమిది. కానీ మన పెద్దలు అంతకంటే పెద్ద భయాన్ని ఎదుర్కొన్నారు. 1876 నుంచి 1878 దాకా వచ్చిన కరువులో ఒంగోలు ప్రాంతం ఆకలితో మాడిపోతుంటే, జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ పనిచోట బోధకులు వాక్యం చెప్పారు. బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులుగా వచ్చారు. మిషను లెక్కల్లో సంఖ్య చూపించుకోవడానికి అంతకంటే మంచి అదను ఉండదు. ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారేమోనన్న అనుమానం తీరాలని, సహాయం పని ముగిసేదాకా నెలల తరబడి అందరినీ ఆపాడు. కూలీ లేదు, గింజా లేదు, ఇక వచ్చేవాళ్లు రావచ్చన్నప్పుడు కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ సంఖ్యను మనం ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం. ఆ సంఖ్యకు విలువ ఇచ్చింది దాని ముందున్న ఆ నెలల నిరాకరణే. జనం పోతారని ఆనాడు క్లౌ భయపడి ఉంటే ఈనాడు మనకు చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

డోర్నకల్ సంగతి కూడా తలుచుకోండి. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళదేశం నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, పల్లె సంఘాల మధ్య బతికాడు. బాప్తిస్మం తీసుకున్న ప్రతివాళ్ల చేత వాళ్ల చెయ్యి వాళ్ల తలమీదే పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలికించేవాడు. పల్లెల్లో ఆయన యుద్ధం ప్రకటించిన వాటిలో మురికి, రోగం, తాగుడుతో పాటు అప్పు కూడా ఉంది. అప్పు చేయడం ఆత్మకు సంబంధం లేని సంగతి అని ఆయన అనుకోలేదు. ఈనాడు మన సభ్యుల ఇళ్లలోకి ఆ అప్పు ఏ దారిన వస్తోందో చూడండి. గుడిలో చేసిన పెళ్లి దారినే వస్తోంది.

ఇష్టపడి ఇస్తున్నాం, ఆడపిల్ల వాటాగా ఇస్తున్నాం అంటారు. ఈ మాట పెద్దమనుషుల నోట ఎక్కువగా వింటాను. వాటా ఇవ్వాలనుకుంటే దానికి దారి ఉంది. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం కొడుక్కీ కూతురికీ సమాన భాగం ఇస్తుంది. ఆ పొలాన్ని అమ్మాయి పేరున రిజిస్టరు చేయించి పాస్‌బుక్కు ఆమె చేతికివ్వండి. అత్తమామల చేతికి కవరులో వెళ్లేది ఆమె వాటా కాదు. ఆ కవరు ఇచ్చాక, వీలునామా రాసే రోజున ఆమె పేరు ఎగరగొట్టడం కూడా మన ఇళ్లలో మామూలైపోయింది.

ఇదే వరసలో కులం మాట రాయకుండా ఉండలేను. పెళ్లి సంబంధాల ప్రకటనల్లో మాల క్రిస్టియన్, మాదిగ క్రిస్టియన్, కమ్మ క్రిస్టియన్, ఆర్.సి. రెడ్డి అని మనమే వేయించుకుంటున్నాం. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో బాప్టిస్టు గుడి అంటే ఏ వాడదో, లూథరన్ గుడి అంటే ఏ వాడదో అడగకుండానే చెప్పగలరు. చాలాచోట్ల సమాధుల తోటలు కూడా విడివిడిగా ఉన్నాయి. దళిత క్రైస్తవుడు హిందూ సర్టిఫికెట్టు పెట్టుకున్నాడని వేలెత్తి చూపే పెద్దలకు ఒక మాట చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేకుండా చేసింది. అదే వాడలో, అదే అవమానం పడుతూ బతికే మనిషిని పిల్లల చదువు కోసం ఆ కాగితం పట్టుకునేలా చేసింది చట్టం. ఆ కాగితం చూసి అతని విశ్వాసాన్ని కొలవకండి. కొలవాలనుకుంటే, ఏ నిర్బంధమూ లేకుండా పత్రికలో కులం వేయించుకుని కోడలిని వెతుక్కున్నవాళ్ల దగ్గర మొదలుపెట్టండి.

పైపైని ఆనవాళ్లు చూసి మనిషిని తీర్పు తీరిస్తే ఏమవుతుందో మన సాహిత్య చరిత్రలోనే ఉంది. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువను, హిందూ పురాణ కథలు రాస్తాడని చెప్పి క్రైస్తవ పెద్దలు వెలివేశారు. ఇటు అగ్రకులాలు అంటరానివాడన్నాయి, అటు సంఘం పరాయివాడంది. ఆ కవే చివరికి ‘క్రీస్తు చరిత్ర’ రాశాడు, ఆ కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయన్ను వెలివేసిన పెద్దల్లో ఎంతమంది కొడుకులకు కట్నం తీసుకున్నారో, వాళ్లను ఎవరైనా ప్రశ్నించారో లేదో తెలుసుకోవాలని నాకు ఎప్పుడూ ఉంటుంది.

కాబట్టి అయ్యగారూ, నేను అడిగేది ఆచరణలో పెట్టడానికి కష్టమైనది కాదు. బిషప్పు గారు ఒక సర్క్యులర్ పంపవచ్చు. ప్రకటన దరఖాస్తులో చందా బకాయి గడి పక్కనే కట్నం గురించి ఇంకో గడి గీయించవచ్చు. ఆ గడి కింద పెళ్లికొడుకు, అతని తల్లిదండ్రులు, అమ్మాయి తల్లిదండ్రులు సంతకాలు పెట్టాలి. అమ్మాయిని మాత్రం పాస్టరమ్మ గారు విడిగా కూర్చోబెట్టుకుని అడగాలి, ఎందుకంటే పదిమందిలో ఆమె నిజం చెప్పలేదు. కాగితం మీద అబద్ధం రాసేవాళ్లు ఉంటారని నాకు తెలుసు. బాప్తిస్మం తేదీ విషయంలోనూ అబద్ధమాడేవాళ్లున్నారు, అందుకని ఆ గడి తీసేయలేదు కదా. అబద్ధమాడినా ఫర్వాలేదు, సంఘం ఒకసారి ఆ ప్రశ్న నోరు తెరిచి అడిగిందంటే, రేపు ఆ ఇంట్లో కోడలిని ఇంకా తెమ్మని కొట్టినప్పుడు ఆమె పరుగెత్తుకుని వచ్చి తట్టడానికి ఒక తలుపు ఉంటుంది.

పాస్టరేట్ కమిటీ పెద్దలకు వేరుగా ఒక మనవి. ఈ వేసవిలో మీ కొడుకుల పెళ్లిళ్లున్నవాళ్లు మీలోనే ఉన్నారు. నియమం మీ ఇంటి నుంచి మొదలైతే సంఘంలో ఎవరూ ఎదురు చెప్పలేరు. ఒకవేళ మాటలు అయిపోయి, డబ్బు చేతులు మారిపోయి ఉంటే, దాన్ని తిరిగి ఇచ్చేయడానికి ఇంకా సమయం ఉంది. సువార్తలో జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. మిమ్మల్ని ఎవరూ అంత అడగడం లేదు, తీసుకున్నంత ఇస్తే చాలు.

ప్రకటన ఆగిన కుటుంబాన్ని వెలివేయమని మాత్రం నేను అనను. వెలివేయడం మనకు బాగా అలవాటైన పని, దాంతో ఎవరూ మారలేదు. వాళ్ల ఇంటికి వెళ్లండి, భోజనం చేయండి, మాట్లాడండి. ప్రభువు జక్కయ్య ఇంటికి వెళ్లాకే అతను లేచి నిలబడి ఆ మాట అన్నాడు. వాళ్లు డబ్బు తిరిగి ఇచ్చేశారని అమ్మాయి తండ్రి మీతో చెప్పిన వారమే, మొదటి ప్రకటన గట్టిగా చదవండి.

మా ఆదివారపు బడి పెద్ద తరగతిలో ఈ సంగతి ఇప్పటికే చర్చకు వచ్చింది. ఇద్దరు మగపిల్లలు కట్నం తీసుకోబోమని రాసి సంతకం చేసిన కాగితం నా దగ్గర పెట్టారు. ఒకడి తండ్రి కమిటీ సభ్యుడు. ఆయన వచ్చి ఆ కాగితం వెనక్కి ఇచ్చేయమన్నాడు, నేను ఇవ్వలేదు. అయ్యగారు అడిగితే అప్పుడు చూద్దామని ఆయన వెళ్లిపోయాడు. మట్టల ఆదివారానికి ముందే, దయచేసి అడగండి.

ప్రభువునందు మీ సహోదరి,
ఆదివారపు బడి ఉపాధ్యాయిని